దాల్చినచెక్క బిస్కత్తు పూర్వకథ

భిలాయి ఉక్కు కర్మాగారమునకై సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక 1955 ఫిబ్రవరి 2న జరిగినది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. నాడు మధ్యప్రదేశమునను, 2000 నుండి ఛత్తీస్‌గఢ్‌నను ఉన్న ఆ పట్టణమునకు విజయనగరం–రాయపూరు మార్గమున రైలెక్కి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. వారి వంటిండ్లలో పండుగకు అరిసెలు, సున్నుండలు తప్పవు. సెలవునాడు పిల్లలకై పంచదార, దాల్చినచెక్క పొడి అద్ది కాల్చు బిస్కత్తులును ఇప్పుడు వాని ప్రక్కన చేరినవి. పెద్దలు కొందరు వీనిని దొరల తిండి యని త్రోసివేయుదురు. ఆ మాటలో నిజమెంతయో విచారింపవలసియున్నది.

మొదట పంచదార సంగతి. చెరకురసమును కాచి పలుకుగా మార్చు విద్య భారతదేశమున పుట్టినదే. సంస్కృతమున శర్కర, ప్రాకృతమున సక్కర, తెలుగున చక్కెర. ఆ మాటయే పారసీకమున షకర్, అరబ్బీలో సుక్కర్ అయి, ఐరోపా భాషలలో తిరిగి, ఇంగ్లీషు షుగర్‌గా మనకే మరల వచ్చినది. ఇక బిస్కత్తు అనగా లాటినున రెండుమార్లు కాల్చినదని అర్థము. దూరప్రయాణములలో చెడకుండుటకై నావికులు ఓడలలో పెట్టుకొన్న గట్టి రొట్టె అది. ఇంటిలో చేయు మెత్తని రకమునకు నేటి పిల్లలు వాడు కుకీ యను పేరు డచ్చి భాషనుండి వచ్చినది. చిన్న కేకు అని దాని భావము.

డచ్చివారు తెలుగువారికి క్రొత్తవారు కారు. 1602లో ఏర్పడిన వారి తూర్పు ఇండియా సంఘము 1605 నాటికే మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పినది. తీరాంధ్రపు నేతబట్టలను, అద్దకపు బట్టలను ఇచ్చట కొని, తూర్పు దీవులలో సుగంధద్రవ్యములకు మారకము చేయుట వారి వ్యాపారము. దాల్చినచెక్కకు మాత్రము సింహళమే పుట్టినిల్లు. 1505లో అచ్చటికి చేరిన పోర్చుగీసువారిని 1658 నాటికి పూర్తిగా వెడలగొట్టి, డచ్చివారు ఆ వర్తకమును తమ గుత్తగా చేసికొనిరి. కొమ్మలు నరికి, పైబెరడు గీకి, లోపొరను ఒలిచి, చుట్టలుగా ఆరబెట్టు పని సలాగమ కులమువారిది. అది తప్పించుకొన వీలులేని వెట్టి. అనుమతి లేక చెక్కను అమ్మినవారికి మరణదండన వరకు శిక్షలుండెను. 1796లో ఆంగ్లేయులు ఆ తీరమును పట్టుకొనిన పిదపనే డచ్చివారి పట్టు వదలినది. నేడు అంగడిలో పుడకవలె దళసరిగా దొరకు చెక్క తరచు వేరొక జాతిది; సింహళపు చెక్క పలుచని పొరలు పొరలుగా చుట్టుకొని యుండును. బిస్కత్తునకు ఇదియే మేలు.

కనుక దొరల తిండి యను ఆక్షేపణ అంతగా నిలువదు. అయితే పెద్దలకు మరియొక ఆక్షేపణ కలదు, అది బలమైనది. తెలుగు వంటలో దాల్చినచెక్క స్థానము పులావులోను, మసాలాలోను. తీపికి ఏలకులు, జాజికాయ, పచ్చకర్పూరము. పంచదారతో కలిసి ఆ చెక్క వాసన వచ్చినపుడు, పాయసములో మసాలా పడినట్లు తోచుట సహజమే. నాలుకకు అలవాటైన దానిని చరిత్ర చెప్పి మార్చుట కష్టము.

మిగిలినది కాల్చు విధానము. మన ఇండ్లలో ఓవెన్ లేదు, కావున ఈ విద్య మనది కాదని అనుకొనుట పొరపాటు. మంట తగులకుండ నలుప్రక్కల వేడి తగులుటయే దీని సూత్రము. ఉక్కు కర్మాగారపు కోక్ ఓవెన్ బ్యాటరీలో జరుగునదియు కొంత ఇట్టిదే: ఇటుక గోడల నడుమ, గాలి చొరకుండ, బొగ్గును వేయి డిగ్రీలకు పైగా కాల్చుదురు. బిస్కత్తునకు నూట ఎనుబది చాలును. దళసరి గిన్నెలో మినపపిండి పోసి, మూతమీద నిప్పులు పెట్టి దిబ్బరొట్టె కాల్చిన అమ్మమ్మలు క్రింది సెగను, పై సెగను చేతితోనే కొలిచినవారు.

ఆ గిన్నెయే ఇప్పటికిని పనికివచ్చును. అడుగున రెండంగుళముల ఇసుక పోసి, మూతపెట్టి పావుగంట కాచవలెను. వెన్నను పంచదారతో తెల్లబడునంతవరకు గిలకొట్టి, మైదా, చిటికెడు వంటసోడా కలిపి, ఉసిరికాయలంత ఉండలు చేయుదురు. నాలుగు పాళ్లు పంచదారకు ఒక పాలు చెక్కపొడి కలిపి అందులో ఉండలను దొర్లించి, పళ్లెములో ఎడముగా పేర్చి, ఇసుకమీద నిలిపిన చిన్న స్టాండుపై ఉంచుదురు. అంచులు గట్టిపడి నడుమ ఇంకను మెత్తగా ఉండగనే దింపవలెను. చల్లారునపుడు అవియే గట్టిపడును. ఇది తెలియక గట్టిపడువరకు ఉంచినవారి మొదటి వాయి అడుగు మాడుట మామూలు. రెండవ వాయికి కొందరు ఇల్లాండ్రు సగము ఉండలను ఏలకుల పొడిలో దొర్లించి, పెద్దల పళ్లెము వేరుగా తీయుదురు.