బాటరీని చంపిందెవరు?

ఇంట్లో పాలు విరిగితే ముందుగా పాలవాణ్ణి అంటాం. గిన్నె సరిగ్గా తోమారా అని అడిగేవాళ్ళు ఏ యింట్లోనూ వుండరు. మోటారుసైకిలు బాటరీ గతీ అంతే. పొద్దున్నే మగవారు సెల్ఫు బటన్ నొక్కుతారు. బండి కటకటమంటుంది. హారను పిల్లికూనలా మూలుగుతుంది. వెంటనే తీర్పు వచ్చేస్తుంది: "బాటరీ పోయింది." కొత్తది వస్తుంది. ఇంటిఖర్చుల పుస్తకంలో ఒక పెద్ద అంకె పడుతుంది. ఏడాది తిరక్కుండానే అదీ పోతుంది. మళ్ళీ అదే తీర్పు. చచ్చినవాణ్ణే దోషిగా నిలబెట్టే న్యాయస్థానం లోకంలో ఇదొక్కటే కాబోలు!

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్ళే జాతీయరహదారి మీద వున్న శిరివెళ్ల వంటి వూళ్ళలో ఈ తీర్పు కాస్త గట్టిగానే తగులుతుంది. అక్కడ మోటారుసైకిలు షికారు వాహనం కాదు. పొలానికీ అదే, ఆస్పత్రికీ అదే, నంద్యాలలో చదువుకునే పిల్లవాణ్ణి బస్సు ఎక్కించడానికీ అదే. చీకటి పడ్డాక శిరివెళ్ల మెట్ట దగ్గర లారీల నడుమ మిణుకుమిణుకుమనే దీపంతో వచ్చే మనిషి కోసం ఇంట్లో ఎదురుచూసే ఆడవాళ్ళకు బాటరీ కేవలం డబ్బు సంగతి కాదు. "పోయిన వుగాదికే కదా భాయ్ ఏయిస్తిమి, అప్పుడే ఎట్ల పోతాది?" అని అడిగితే, "ఈ కాలం బాటరీలు అంతే అక్కా" అని జవాబు వస్తుంది. ఆ జవాబులో నిజమెంతో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకుల్ని మధ్యలో గుడ్డ పెట్టి చాపలా చుట్టి, నీళ్ళు కలిపిన గంధకామ్లంలో ముంచాడు. వాడి పారేయకుండా మళ్ళీ మళ్ళీ నింపుకోగల మొదటి బాటరీ అదే. 1881లో కెమిల్ ఫోర్ అనే మరో ఫ్రెంచివాడు ఆ రేకులకు సీసపు సింధూరాన్ని ముద్దగా పట్టించి దాని శక్తిని బాగా పెంచాడు. అవునండీ, సింధూరమే! సీసాన్ని గాలిలో కాల్చి తీసే ఆ ఎర్రటి పొడే. వంద సంవత్సరాలు దాటినా మన ఇళ్ళముందు నిలబడ్డ బళ్ళలో ఎక్కువ భాగం ఆ ఇద్దరి సీసం మీదే కదులుతున్నాయి.

ఈ సీసపు బాటరీకి చావు ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పస్తు. ఖర్చయిన కరెంటు తిరిగి లోపలికి రాకపోతే పలకల మీద సీసపు సల్ఫేటు తెల్లగా పేరుకుని రాయిలా గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత తినిపించినా వంటబట్టదు. రెండవది అజీర్ణం. అవసరానికి మించి కరెంటు తోస్తే లోపలి నీరు హైడ్రోజను, ఆక్సిజనులుగా విడిపోయి బుడగలై పోతుంది. పలకలు ఎండుతాయి, పెట్టె ఉబ్బుతుంది, ఘాటైన వాసన వేస్తుంది. పస్తు పెట్టినా, అతిగా కుక్కినా పొద్దున్న కనిపించే లక్షణం మాత్రం ఒకటే – బండి స్టార్టు కాదు. అందుకే బాటరీని చూసి జబ్బు చెప్పలేం. దానికి అన్నం పెట్టే చేతిని చూడాలి.

ఆ చెయ్యి కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. మొదట్లో మోటారుసైకిళ్ళ దీపాలకు బాటరీ వుండేది కాదు. దీపానికి కార్బైడు మీద నీటిచుక్కలు పడేసి ఆ గ్యాసు వెలిగించేవారు. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడతారే, ఆ కార్బైడే! తర్వాత డైనమో వచ్చింది. దాంతోపాటు "కటౌట్" అనే చిన్న తలుపు వచ్చింది. ఇంజను తిరిగేటప్పుడు ఆ తలుపు తెరుచుకుని కరెంటు బాటరీకి వెళుతుంది. ఇంజను ఆగగానే మూసుకోవాలి. దాని మొనలు కాలి అతుక్కుపోయాయో, రాత్రంతా బాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారిపోతుంది. తెల్లారేసరికి బాటరీ ఖాళీ. తిట్లు మాత్రం బాటరీకి.

ఆ రోజుల్లో టవునుల్లో బాటరీ ఛార్జింగు షాపులుండేవి. ఇంకా కరెంటు రాని పల్లెల్లో రేడియో పాడాలన్నా బాటరీని బండి మీద వేసుకుని ఆ షాపుకు తీసుకెళ్ళి నింపించుకు రావలసిందే. ఆ షాపువాళ్ళు గాజుగొట్టంలో తేలే హైడ్రోమీటరు ముంచి, ఆమ్లం ఎంత చిక్కగా వుందో చూసి, ఒక్కో గది ఆరోగ్యం విడివిడిగా చెప్పేవారు. నాడిపట్టే వైద్యం లాంటిది అది.

మరో నాడి బండి మీదే వుండేది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి తయారుచేసిన బుల్లెట్టును పాతతరం వాళ్ళు మరచిపోరు. దాని దీపం గూడు మీద గుండ్రటి చిన్న మీటరు ఒకటి వుండేది. అది అమ్మీటరు. లైటు వేసి బండిని నెమ్మదిగా తిరగనిస్తే ముల్లు మైనస్ వైపు వాలుతుంది. వేగం పెంచితే ప్లస్ వైపు లేస్తుంది. ఎంత వేగంగా వెళ్ళినా లేవకపోతే బాటరీ పస్తుంటున్నట్టు. గంటసేపు ప్రయాణం చేసినా ప్లస్ చివర్నే అతుక్కుని కూర్చుంటే అజీర్ణం. చదువురాని రైతుకు కూడా అర్థమయ్యే భాష. తర్వాత వచ్చిన తేలికబళ్ళు చాలావాటిలో ఆ మీటరును తీసేశారు. పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు మిగిలింది గాని, కరెంటు ఎటు పోతోందో చూపించేది లేకుండాపోయింది. ఖర్చు తగ్గించుకున్నారు సరే, ఆ ఖర్చు మన ఇంటి పుస్తకంలోకి మారింది.

డైనమో స్థానంలోకి ఆల్టర్నేటరు వచ్చింది. ఇందులో అయస్కాంతం తిరుగుతుంది, తీగచుట్టలు కదలకుండా వుంటాయి. అరిగిపోయే కార్బను బ్రష్షులు లేవు. అయితే అందులో పుట్టే కరెంటు అటూ ఇటూ వూగేది. దాన్ని ఒకవైపే నడిపించడానికి రెక్టిఫైయరు, హద్దులో వుంచడానికి రెగ్యులేటరు కావాలి. ఈ రెండూ కలిసిన పెట్టెనే మన మెకానిక్కులు ఆర్.ఆర్. యూనిట్ అంటారు. అయస్కాంతానికి "చాలమ్మా, ఇక ఆపు" అని చెప్పే వీలులేదు. ఇంజను తిరిగినంతసేపూ అది వండుతూనే వుంటుంది. ఎక్కువైన కరెంటును చాలా బళ్ళలో ఈ పెట్టే మింగి వేడిగా మార్చేస్తుంది. అందుకే దానికి గాలి తగలడానికి రెక్కలు పెట్టారు. వానాకాలంలో నల్లరేగడి పొలంలోంచి వచ్చిన బండిని చూడండి. ఆ రెక్కల నిండా మట్టి మెత్తి, ఎండి, దుప్పటి కప్పినట్టుంటుంది. పెట్టె కాలిపోక ఏం చేస్తుంది?

ఇక్కడే ఒక చిత్రం జరిగింది. డైనమో కాలంలో నేర్చుకున్న పెద్ద మెకానిక్కులు ఇంజను నడుస్తుండగా బాటరీ తీగ పీకి చూసేవారు. ఇంజను ఆగకపోతే "డైనమో బాగానే వుంది" అనేవారు. ఆ బళ్ళకది చెల్లింది. గురువు నుంచి శిష్యుడికి వచ్చిన ఆ విద్యనే ఎలక్ట్రానిక్ బండి మీద ప్రయోగిస్తే, బాటరీ అనే ఆనకట్ట లేక ఓల్టేజి ఒక్కసారిగా పైకెగిరి రెగ్యులేటరును కాల్చేస్తుంది. జబ్బు చూడ్డానికి వచ్చిన డాక్టరే జబ్బు అంటించినట్టు. మీ ఎదుట ఎవరైనా ఆ తీగ మీద చెయ్యి వేస్తే మొహమాటపడకుండా వద్దనండి.

సరైన పరీక్షకు పది నిమిషాలు చాలు, ఒక మల్టీమీటరు వుంటే. రాత్రంతా ఆగివున్న 12 వోల్టుల బండి బాటరీ పొద్దున్న స్టార్టు చెయ్యకముందు 12.6 దరిదాపుల్లో చూపాలి. స్టార్టు చేసి, ఇంజనును ఓ మోస్తరుగా రెయిజ్ చేస్తే 13.8 నుంచి 14.5 దాకా పెరగాలి. పెరగకపోతే పస్తు. 15 దాటిపోతే అజీర్ణం, అంటే రెగ్యులేటరు పని చెయ్యడంలేదు. పస్తయితే ఇంకొంచెం వెతకాలి. ఆల్టర్నేటరు నుంచి వచ్చే తీగలు ఎక్కువ బళ్ళలో మూడు. వాటి ప్లగ్గు విప్పి ఏ రెండింటి మధ్య చూసినా ఒకే ఓల్టేజి రావాలి. ఏ తీగకూ ఇంజను బాడీతో సంబంధం వుండకూడదు. వుంటే చుట్ట కాలింది. ఇవన్నీ బాగుంటే ఆ ప్లగ్గునే చూడండి. లోపల పచ్చగా చిలుము పట్టో, వేడికి కరిగి నల్లబడో వుంటుంది. పెద్ద పెద్ద భాగాలు మార్పించుకున్న ఎన్నో బళ్ళలో అసలు దొంగ ఈ చిన్న ప్లగ్గో, వదులైన ఎర్తు తీగో! ఓల్టేజీలన్నీ సరిగానే వుండి పొద్దున్నకి బాటరీ ఖాళీ అవుతుంటే, తాళం తీశాక కూడా కరెంటు తాగుతున్నదేదో వుంది. తర్వాత బిగించిన అలారమో, రంగు లైటో కావచ్చు.

అన్ని నేరాలూ ఛార్జింగువే అంటే అన్యాయం. నంద్యాల ప్రాంతపు ఎండ సంగతి మీకు తెలియంది కాదు. 44, 45 డిగ్రీలు అక్కడ వింతకాదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే సీసపు బాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక లెక్క. మూత తీసే రకం బాటరీలో బోరునీళ్ళు పోస్తే అందులోని ఉప్పులు పలకల్ని పాడుచేస్తాయి. డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఆమ్లం ఎన్నడూ పోయకూడదు. మూత తియ్యక్కరలేని బాటరీలు వచ్చి ఈ బాధ చాలావరకు తీర్చాయి. వాటిని పెద్దయెత్తున తయారుచేసిన సంస్థల్లో ఒకటి మన రాయలసీమదే. గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి దగ్గర స్థాపించిన అమరరాజా నుంచి 2000లో అమరాన్ పేరుతో బాటరీలు బయటికొచ్చాయి.

ఇప్పుడు బాటరీ మీద భారం ఇంకా పెరిగింది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే వుండాలన్నారు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళలో చాలావాటికి పెట్రోలును ఇంజనులోకి చిమ్మే పంపు కూడా కరెంటుదే. కొన్నింటికి కిక్కు రాడ్డే లేదు. పూర్వం బాటరీ చచ్చినా కిక్కు కొట్టి ఇల్లు చేరేవారు. ఇప్పుడు తోసుకురావడమే.

పాత బాటరీని మాత్రం పెరట్లో పడేసి వుంచకండి. లోపలిది సీసం, పిల్లల మెదడు ఎదుగుదలకు శత్రువు. దాన్ని పగలగొట్టి కరిగించే చిల్లర వ్యాపారికీ వెయ్యకండి. 2022 నాటి నిబంధనల ప్రకారం పాత బాటరీల్ని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చెయ్యండి. తూకం వేసి కొత్తదాని ధరలో తగ్గిస్తారు, అడిగితే.