మెరక ఎవరిది? దివిసీమ ఉప్పెన, వాడల ఇళ్లు

1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనను ప్రకృతి వైపరీత్యం అని రాసి ఊరుకున్నారు మన చరిత్రకారులు. గాలీ కెరటమూ ప్రకృతివే, కాదనం. అయితే ఐదారు మీటర్లు లేచిన నీళ్లు ముందు ఎవరి గడపలో జొరబడాలన్నది తరాల ముందే నిర్ణయమైపోయింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయారు. నిజమైన లెక్క అంతకంటే ఎక్కువని అక్కడి జనం అంటారు. వరి కోతకొచ్చే రోజులవి. కూలికొచ్చిన వలస జనం పేర్లు ఏ కరణం రాసుకున్నాడు?

డెల్టా బల్లపరుపుగా కనిపిస్తుంది గానీ అక్కడ రెండడుగుల ఎత్తు ప్రాణం ఖరీదు. మెరక మీద ఊరు. పల్లంలో, కాలవ గట్ల మీద, పోరంబోకుల్లో మాలపల్లె, మాదిగపల్లె, యానాదుల గుడిసెలు. సముద్రానికి ఇంకా దగ్గరగా జాలరి పల్లెలు.

మనోళ్లకు ఇల్లు కట్టుకోవటం తెలియక చచ్చారా? కోస్తా పేదల చుట్టుగుడిసెను చూడండి. గుండ్రటి మట్టిగోడకు గాలి నేరుగా కొట్టే చదును ముఖం ఉండదు. తాటాకు కప్పు నేలకు బాగా దిగి ఉంటుంది కనక గాలి కింద దూరి లేపటం కష్టం. ఇంజనీర్లు చెప్పే సూత్రమే ఇది, మన తాతలకు సర్టిఫికెట్టు లేదు, అంతే. కానీ ఆ మట్టిగోడ నీళ్లలో నానితే కరిగిపోతుంది. ఉప్పెనకు కావలసింది ఎత్తు. ఎత్తు కావాలంటే మట్టి పొయ్యాలి, మట్టి తవ్వటానికి సొంత చేనో గుంటో ఉండాలి. భూమి లేనోడు ఎక్కడ తవ్వుతాడు? ఆసామి చేలో తట్టెడు మట్టి తీసినా తగాదాయే!

ఉప్పెన తర్వాత పక్కా ఇళ్లొచ్చాయి. స్వచ్ఛంద సంస్థలు కొన్ని కట్టాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. తుఫాను షెల్టర్లు లేచాయి, తీరాన సరుగుడు తోటలు వేశారు. ఈ మేలును తక్కువ చెయ్యకూడదు. 1990 మేలో మళ్లీ పెద్ద తుఫాను కృష్ణా తీరాన్ని కొట్టినప్పుడు ముందుగానే లక్షల మందిని తరలించారు, చావులు వెయ్యిలోపే ఆగాయి. మనుషులు దక్కారు, ఇళ్లు మాత్రం లక్షల్లో పోయాయి. షెల్టరు ఒకటి రెండు రాత్రుల మాట. గాలి తగ్గాక దిగొచ్చేది మళ్లీ ఆ పల్లంలోకే.

పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1992లో వచ్చిన తన పుస్తకంలో ఈ డెల్టా తుఫాను నష్టాన్ని అధికారంతో ముడిపెట్టి చూశాడు. మనం దాన్ని వాడ దాకా తీసుకుపోవాలి. 2020లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పేదల ఇంటిస్థలం సెంటున్నరగా పెట్టారు. సెంటున్నరలో ఇల్లు పడుతుంది. చుట్టూ దిబ్బ పొయ్యటానికీ, గాలికి అడ్డంగా నాలుగు చెట్లు పెంచటానికీ చోటెక్కడ? తీరప్రాంతంలో అలాంటి స్థలాలు మెరకలో పడ్డాయా పల్లంలోనా అన్నది ఊరూరా కొలిచి రాయటం మన విద్యార్థులు చెయ్యగల పనే. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం, చేతిలో ఊరి పటం ఉంటే మొదలుపెట్టొచ్చు.