ఐలమ్మ పుట్టిందెప్పుడు?

చాకలి ఐలమ్మ పుట్టిన సంవత్సరం కొన్ని రచనల్లో 1895, మరికొన్నింటిలో 1919. తేడా 24 ఏళ్లు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి పాలకుర్తిలో తన పంట దక్కించుకునేనాటికి ఆమె యాభై ఏళ్ల మనిషా, ముప్పయి నిండని పడుచా అన్నది చిన్న సంగతి కాదు. ఆ పోరులో ఆమె కొడుకులూ ఉన్నారు కాబట్టి 1895 వైపే మొగ్గాలనిపిస్తుంది. అయితే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఈ తర్కం చెల్లదు. ఆ మాట అచ్చయిన, నమ్మదగిన పుస్తకమేదో చెప్పాలి.

కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కూర్చిన రోజుల్లో సంపాదకుడి పాండిత్యమే పూచీ. 2001 జనవరిలో ఇంగ్లిషులో, 2003 డిసెంబరులో తెలుగులో మొదలైన వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు. అందుకే పూచీ మనిషి మీది నుంచి ఆధారం మీదికి మారింది. తటస్థంగా రాయాలి, ప్రతి మాటా సరిచూసుకునేలా ఉండాలి, సొంత పరిశోధన కూడదు. ఇవీ మూల నియమాలు.

ఐలమ్మ పాల్గొన్న తెలంగాణ సాయుధ పోరాటం దగ్గర ఈ నియమాలకు గట్టి పరీక్ష ఎదురవుతుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు బలయ్యాడు. ఆ కాలం గురించి విరివిగా ఉదాహరించే పుస్తకాలు చాలావరకు అందులో పాల్గొన్నవారివే. పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి ఉద్యమ నాయకులు. కె.ఎం.మున్షీ హైదరాబాదులో భారత ప్రభుత్వ ప్రతినిధి. మీర్ లాయక్ అలీ నిజాం చివరి ప్రధాని. ఎవరి పక్షం వారిది. నాలుగింటినీ కలిపి సగటు తీస్తే తటస్థత రాదు. ఏ మాట ఎవరిదో, వారు ఏ స్థానం నుంచి అన్నారో చెప్పినప్పుడే వస్తుంది.

భారత సైన్యానికి నిజాం లొంగిన 1948 సెప్టెంబరు 17 పేరులోనే పక్షం దాగి ఉంది. విలీనం, విమోచన, విద్రోహం, పోలీసు చర్య: ఏ మాట వాడినా ఒక వైపు నిలబడ్డట్టే. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆ రోజును జాతీయ సమైక్యతా దినంగా, కేంద్రం విమోచన దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రంలో అది ప్రజా పాలన దినోత్సవమైంది. వ్యాసం శీర్షిక కోసమే సంపాదకులు తగువులాడుకోవడంలో వింత లేదు.

ఆధారమే దొరకకుండా దాచినప్పుడు నియమం ఏమీ చేయలేదు. సైనిక చర్య తరువాతి హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చూసే వీలు 2013లో గాని కలగలేదు. ఆ అంకెను కమిటీ అంచనాగానే రాయాలి. వదిలేస్తే పక్షపాతం, తిరుగులేని లెక్కగా రాస్తే అతి.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు శాసనానిది మరో చిక్కు. గణపతిదేవుడి చెల్లెలు మైలమ వేయించిన ఆ శాసనం కాకతీయుల వంశక్రమం చెబుతుంది. కాకతీయులు ఏ వర్ణం వారన్న విషయంలో శాసనాలన్నీ ఒకే మాట చెప్పవు. నేటి కులాభిమానులు నచ్చిన శాసనాన్ని ఏరుకుని వ్యాసాలు దిద్దుతుంటారు. శాసనాన్ని నేరుగా కాక, పి.వి.పరబ్రహ్మశాస్త్రి వంటి పరిశోధకులు అన్ని శాసనాలనూ బేరీజు వేసి రాసినదాన్ని ఆధారం చేసుకోవాలనే నియమం ఇక్కడ ఎంతో మేలు చేసింది.

ఊళ్ల చిరునామాలు సైతం తేలిక కాదు. ఉద్యమ కాలంలో జనగామ నల్లగొండ జిల్లాలోది, తరువాత వరంగల్‌లో కలిసింది. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు జిల్లాలయ్యాయి. రామప్ప గుడి ఉన్న పాలంపేట 2019లో భూపాలపల్లి నుంచి ములుగుకు మారింది. పాత పుస్తకం ఆధారంగా దిద్దితే ఊరు పాత జిల్లాకే పోతుంది.

అచ్చుకెక్కని జ్ఞాపకానికి ఈ పద్ధతిలో చోటు లేదు. ఆ లోటు బరువంతా పేదల మీద, ఆడవాళ్ల మీద పడుతోంది. దానికి మార్గం 1986లోనే కనబడింది. స్త్రీశక్తి సంఘటన పోరాటంలో ఉన్న మహిళల మాటలు సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసింది. నోటిమాట ఉదాహరించదగ్గ ఆధారమైంది. కడవెండి, పాలకుర్తి చుట్టుపక్కల ఆ రోజులు కళ్లారా చూసిన పెద్దలు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. జనగామ కళాశాలలూ గ్రంథాలయాలూ వారి మాటలను పేరు, ఊరు, తేదీతో రికార్డు చేసి, ఈ ఏడే అచ్చు వేయించాలి.