ఏరియా మంచిదేనా?

రెండేళ్ళ క్రితం బాల్టిమోర్ పక్కన హోవర్డ్ కౌంటీలో ఇల్లు వెతుక్కుంటూ మా ఏజెంట్‌ని అడిగాను: "ఏరియా మంచిదేనా? ఎలాంటివాళ్ళు ఉంటారు?" ఆ ప్రశ్నకి తను జవాబు చెప్పకూడదని ఆవిడ మర్యాదగానే అంది. స్కూళ్ళ రేటింగులు, నేరాల లెక్కలు ఎక్కడ దొరుకుతాయో చెప్పి, మీరే చూసుకోండంది. ఇదేం చాదస్తం అనుకున్నాను. అదే ప్రశ్న మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే పది నిమిషాల్లో ఇరవై జవాబులొచ్చాయి. ఏ రోడ్డు దాటి అవతల ఇల్లు చూడకూడదో కూడా చెప్పారు.

ఆవిడ ఎందుకు చెప్పకూడదో తెలుసుకుందామని మొదలుపెడితే, అది నన్ను 1910 దాకా తీసుకెళ్ళింది.

ఆ ఏడాది బాల్టిమోర్‌లో ఆష్‌బీ హాకిన్స్ అనే నల్లజాతి లాయరు మెకల్లా వీధిలో 1834 నంబరు ఇల్లు కొన్నాడు. ఆయన ప్రాక్టీసులో భాగస్వామి జార్జ్ మెక్‌మెకన్ భార్యాపిల్లలతో అందులో దిగాడు. మెక్‌మెకన్ యేల్‌లో లా చదివినవాడు. పక్కనున్న డ్రూయిడ్ హిల్ ఎవెన్యూలో నల్లవాళ్ళు ఉండేవాళ్ళు కానీ, ఈ వీధి తెల్లవాళ్ళది. ఇంటి కిటికీలు పగిలాయి. తెల్లవాళ్ళు సభలు పెట్టుకున్నారు, నగర కౌన్సిల్‌కి అర్జీలు పెట్టారు. మిల్టన్ డషీల్ అనే లాయరు ఒక చట్టం ముసాయిదా రాస్తే, శామ్యూల్ వెస్ట్ అనే సభ్యుడు దాన్ని కౌన్సిల్‌లో ప్రవేశపెట్టాడు. డిసెంబరు 20న మేయర్ బారీ మహూల్ సంతకం చేశాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఎక్కడెక్కడ ఉండాలో చెప్తూ ఒక అమెరికన్ నగరం చేసిన మొదటి చట్టం ఇదేనంటారు. మహూల్ ఛాందసుడేమీ కాదు, సంస్కరణవాదిగా పేరున్నవాడు. అది చదివి కాసేపు ఆగిపోయాను.

చట్టంలోని లాజిక్ చాలా సింపుల్. యూనిట్ ఒక బ్లాకు. అందులో సగానికి మించి తెల్లవాళ్ళుంటే నల్లవాళ్ళు కొత్తగా దిగకూడదు, సగానికి మించి నల్లవాళ్ళుంటే తెల్లవాళ్ళు దిగకూడదు. మీరితే 100 డాలర్ల వరకూ జరిమానా, లేదా ఏడాది వరకూ జైలు. అప్పటికే ఉంటున్నవాళ్ళని కదిలించరు. చూడ్డానికి రెండు జాతులకీ ఒకటే రూలు. కానీ నగరం పెరుగుతున్న వైపు, మంచి ఇళ్ళున్న వైపు అంతా తెల్లవాళ్ళ బ్లాకులే అయినప్పుడు ఈ సమానత్వం ఎటు పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. తెల్లవాళ్ళ ఇంట్లోనే ఉండి పనిచేసే నల్లవాళ్ళకి ఈ చట్టం వర్తించదు. అంటే వంట చెయ్యడానికో పిల్లల్ని ఎత్తుకోడానికో అదే వీధిలో, అదే కప్పు కింద పడుకోవచ్చు. పక్కింటి గడప మాత్రం సొంతదారుగా తొక్కకూడదు. శాంతిభద్రతల కోసం, అందరి క్షేమం కోసం అని రాసుకున్న చట్టం ఇది!

తర్వాతి కథ మాకు ఆఫీసులో బాగా అలవాటైనదే. చట్టం కోర్టులో నిలవకపోతే, కౌన్సిల్ 1911లో తిరగరాసింది. 1913లో గరీ అనే నల్లజాతి వ్యక్తి కేసులో, హాకిన్స్ వాదించగా, మేరీలాండ్ పైకోర్టు ఆ వెర్షన్నీ కొట్టేసింది. జాతుల్ని విడదియ్యడం తప్పని కాదు. అప్పటికే ఇల్లున్నవాళ్ళ ఆస్తి హక్కుని పట్టించుకోలేదని. కౌన్సిల్ ఆ ఒక్క బగ్గూ సరిచేసి, అదే ఏడాది ఇంకో చట్టం తెచ్చింది. ఈలోగా రిచ్‌మండ్, అట్లాంటా, లూయీవిల్ లాంటి నగరాలు కూడా ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

చివరికి లూయీవిల్ కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కావాలని కట్టిన కేసు అది. బుకానన్ అనే తెల్ల ఏజెంటు తన స్థలాన్ని వార్లీ అనే నల్లజాతి నాయకుడికి అమ్మడానికి ఒప్పందం చేసుకున్నాడు. అక్కడ ఉండటానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి డబ్బు కట్టనన్నాడు వార్లీ. అలా కాగితం మీద తెల్లవాడు ఆ చట్టం మీద పోరాడితే, నల్లవాడు దాన్ని సమర్థించాడు. 1917 నవంబరు 5న జడ్జీలంతా ఏకగ్రీవంగా చట్టం చెల్లదన్నారు. ఇక్కడా తీర్పు ప్రధానంగా నిలబడింది ఆస్తి హక్కు మీదే.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ చట్టం చెయ్యలేని పనిని దస్తావేజు చేసింది. ఫలానా జాతివాళ్ళకి అమ్మను, అద్దెకివ్వను అన్న షరతు ఇళ్ళ కాగితాల్లోకి చేరింది. అది ప్రైవేటు ఒప్పందం, రాజ్యాంగానికి సంబంధం లేదని 1926లో సుప్రీంకోర్టే అంది. 1937లో ఒక ఫెడరల్ సంస్థ బాల్టిమోర్ మ్యాపుకి నాలుగు రంగులు వేసింది. నల్లవాళ్ళుండే పేటలు ఎరుపులో పడ్డాయి, అంటే అప్పివ్వడం ప్రమాదమని. 1948లో కోర్టులు ఆ షరతుల్ని అమలు చెయ్యకూడదని తీర్పొచ్చింది. ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో వివక్ష నేరుగా నిషేధమైంది మాత్రం 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి. మా ఏజెంటు నోరు కట్టింది ఆ చట్టమే. కొనేవాణ్ణి జాతిని బట్టి ఒక పేటకి తోలడం చట్టవిరుద్ధం.

ఇందులో మన సంగతీ ఉంది. భారతీయులు పౌరసత్వ చట్టం ప్రకారం తెల్లవాళ్ళు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తెల్లవాళ్ళకి మాత్రమే అని రాసిన దస్తావేజు మనల్నీ బయటే ఉంచేది. 1965 వలస చట్టం తర్వాత మనవాళ్ళు పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది. కొద్ది కాలానికే 1968 చట్టమొచ్చింది. హాకిన్స్ లాంటివాళ్ళు యాభై ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి తీయించిన తలుపులోంచి మేం లోపలికొచ్చాం. వచ్చి, రోడ్డుకి అవతల ఎవరుంటారని అడుగుతున్నాం.

ఈ ప్రశ్న అమెరికా వచ్చాక నేర్చుకున్నదీ కాదు. ఊరు ఒకవైపు, వాడ ఇంకోవైపు ఉండటానికి మనకి ఏ కౌన్సిల్ తీర్మానమూ అక్కర్లేకపోయింది. హైదరాబాద్‌లో బ్యాచిలర్‌గా గది వెతుక్కున్నప్పుడు ఇంటాయన మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" నేను చెప్పాను, గది దొరికింది. నా రూమ్మేటుకి అదే వీధిలో దొరకలేదు. అప్పుడు నాకు అది వింతగా అనిపించలేదు. బాల్టిమోర్ చట్టం చదువుతుంటే అనిపించింది.

ఇల్లు కొన్నాను. గ్రూపువాళ్ళు చెప్పినట్టు రోడ్డుకి ఇవతలే. స్కూలు కోసమే అని నాకు నేను చెప్పుకుంటాను. ఆ రేటింగుల వెనక ఎన్ని పాత గీతలున్నాయో ఇప్పుడు కొంత తెలుసు.

పోయిన నెల కొత్తగా వచ్చిన కుర్రాడొకడు గ్రూపులో అడిగాడు: "అన్నా, ఆ ఏరియా మంచిదేనా?" బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తాయేమో చూసుకొమ్మనీ, పొద్దున ట్రాఫిక్ ఎంతుంటుందో రాసి, మనుషుల సంగతి నువ్వే వెళ్ళి పలకరించి తెలుసుకొమ్మనీ పెట్టాను. దాని కింద మిగతా జవాబులు ఎప్పట్లాగే వచ్చాయి.