మదనపల్లె బాణీ: మార్గరెట్ కజిన్స్ గురించి నిలిచే మాటలు

వరంగల్‌లో ఏ బడికి వెళ్లినా 'జనగణమన' 52 సెకన్లలో పూర్తవుతుంది. దానికి మదనపల్లెలో బాణీ కట్టింది మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఆవిడ అని మనవాళ్లు చెప్పుకుంటారు. ఈ మాటలో ఎంత నిలుస్తుందో తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి.

పాటను మొదట పాడింది 1911 డిసెంబరు 27న, కలకత్తా కాంగ్రెస్ సభలో. పాట రాసిన ఠాగూర్ మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చింది 1919 ఫిబ్రవరిలో. నడుమ ఏడేళ్లు గడిచాయి. సభలో పాడిన పాటకు ఏదో ఒక బాణీ ఉండే ఉంటుంది. కాబట్టి బాణీని ఆవిడే పుట్టించారనడానికి నాకు ధైర్యం చాలదు.

అప్పుడు మార్గరెట్ భర్త జేమ్స్ కజిన్స్ ఆ కళాశాల ప్రిన్సిపాల్. దంపతులు 1950లో ప్రచురించిన ఆత్మకథలో ఠాగూర్ అక్కడ పాడిన సాయంత్రం ప్రస్తావన ఉంది. విద్యార్థులు కూడి పాడుకునే గోష్ఠిలో కవి తానే గొంతెత్తారు. పిల్లలు పల్లవి అందుకున్నారు. మార్గరెట్ ఐర్లండ్‌లో 1902లో సంగీతంలో పట్టా పుచ్చుకున్నవారు. ఆ స్వరాలను పాశ్చాత్య పద్ధతిలో ఐదు గీతల మీద రాసిన ఘనత ఆమెకే చెబుతారు. ఇది చిన్న పనేమీ కాదు. చెవిని పడి సాగే పాట నోటికో తీరుగా మారుతుంది. కాగితం మీదికి ఎక్కితే, ఎన్నడూ వినని వాళ్లు కూడా వాయించగలరు. ఆ ఫిబ్రవరి 28న ఠాగూర్ అక్కడే పాటను ఇంగ్లీషులోకి మార్చారు.

బాణీ మాటున ఆమె అసలు పని మరుగున పడిందన్నది నా బాధ. రాస్‌కామన్ జిల్లా బాయిల్‌లో పుట్టిన మార్గరెట్, 1908లో ఐరిష్ మహిళల ఓటు హక్కు సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరు. అదే పోరాటంలో 1910లో లండన్ హాలోవే జైలుకు, 1913లో ఐర్లండ్‌లోని తులమోర్ జైలుకు వెళ్లారు. 1915లో భారతదేశానికి వచ్చారు. మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు నాయకత్వాన 1917 డిసెంబరులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి స్త్రీలకు ఓటు అడిగిన బృందం వెనక ఉన్నది ఆమె పూనికే. మద్రాసు శాసనమండలి 1921లో ఆ హక్కు ఇచ్చింది.

1932లో బ్రిటిష్ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు మళ్లీ ఏడాది శిక్ష పడింది. ఈసారి వెల్లూరు జైలు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి.