దీవికో నిట్రాట

హవాయి భాషలో ‘ఆయ్’ అంటే తినడం. ‘ఆయినా’ అంటే నేల. కడుపు నింపేది అని దాని లోపలి అర్థం. పాతకాలంలో ఒక దీవినో, దీవిలో ఒక సీమనో ఏలే దొరను ‘అలీ ఆయ్ మోకు’ అనేవారు. ఉన్నదున్నట్టు చెబితే, దీవిని తినే దొర. మనం ఉలిక్కిపడాల్సిన పనేం లేదు. ‘ఆ మాన్యం మూడు తరాలుగా వాళ్లే తింటున్నారు’ అని మన ఊళ్లలోనూ అంటాం. తర్వాత ఈ మాట పక్కకి ఇంకోటి వచ్చి చేరింది: ‘కియా ఆయినా’. కియా అంటే స్తంభం. ఓడలోనైతే తెరచాప కొయ్య. నేలకు పాతిన నిట్రాట అన్నమాట. రాజు తరఫున ఒక దీవిని చూసుకునే గవర్నరు పేరది. పేరులో ఉన్నంత తేడా పనిలో ఉందా అన్నది వేరే సంగతి.

ఈ పదవికి మూలం మొదటి కమేహమేహా రాజుకున్న ఒక భయం. 1795లో నువువాను యుద్ధంతో ఓవాహు దీవి ఆయన చేతికొచ్చింది. 1810లో కవాయి రాజు కౌమువాలీ యుద్ధం లేకుండానే లొంగి, సామంతుడిగా ఉండిపోయాడు. గెలవడం అయింది, నిలుపుకోవడం ఎలా? గెలిచిన రాజు నేలను తన దొరలకు పంచడం అక్కడి ఆనవాయితీ. ఎవరి దీవిలో వాళ్లు బలిసి, అదను చూసి తిరగబడటమూ ఆనవాయితీయే. మధ్యలో సముద్రం. కబురు తెలిసి పడవలు కట్టుకుని వెళ్లేసరికి కథ ముగిసిపోయేది. అందుకని ఆయన పెద్ద దొరలను తన వెంటే తిప్పుకున్నాడు. వాళ్లకిచ్చిన భూములను ఒక్కచోట కాకుండా ఇక్కడో ముక్క, అక్కడో ముక్కగా పంచాడు. ఖాళీ అయిన చోట తన మనిషిని కూర్చోబెట్టాడు.

సొంత గడ్డ అయిన హవాయి దీవిని, మిగతా దీవులన్నీ కలిపినా దాని సైజుకు రాని దాన్ని, ఎవరికి అప్పగించాడనుకున్నారు? ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక ఓడ పనివాడికి. జాన్ యంగ్ 1790లో ‘ఎలియనోరా’ అనే వర్తక ఓడలో వచ్చాడు. ఒడ్డుకు దిగినవాణ్ణి రాజు మనుషులు తిరిగి ఓడెక్కనివ్వలేదు. రెండు రోజులు చూసి కెప్టెన్ లంగరెత్తేశాడు. యంగ్ మొదట్లో పారిపోవడానికి ప్రయత్నించాడు కూడా. ఆ తర్వాత ఫిరంగులు పేల్చడం నేర్పాడు, యుద్ధాల్లో పక్కన నిలబడ్డాడు, వచ్చే ఓడలతో బేరాలాడాడు. ఓడ మీద ‘ఆల్ హ్యాండ్స్’ అని కేకేసే అలవాటు వల్ల జనం అతన్ని ‘ఓలోహానా’ అన్నారు. 1802 నుంచి 1812 దాకా, రాజు మావి, ఓవాహు దీవుల్లో ఉన్న కాలంలో, కవైహాయేలో కాపురముండి దీవిని నడిపాడు. నా దృష్టిలో కమేహమేహా తెలివంతా ఈ ఒక్క నియామకంలో కనిపిస్తుంది. అక్కడ సింహాసనానికి కావలసింది వంశావళి. యంగ్‌కు అది లేదు. తిరగబడినా రాజు కాలేడు.

1819లో రాజు పోయాడు. పట్టపురాణి కాహుమాను ‘కూహినా నుయి’, అంటే రాజుతో సమానంగా పాలించే ప్రధాని అయింది. దాంతో గవర్నరు గద్దెలు పుట్టింటివారి పాలయ్యాయి. ఒక తమ్ముడు కేయౌమోకుకు మావి, ఇంకో తమ్ముడు కువాకినికి హవాయి. కువాకిని అమెరికా అధ్యక్షుడి పేరు నచ్చి జాన్ ఆడమ్స్ అని పెట్టుకున్నాడు. 1838లో లావా రాయి, పగడపు సున్నంతో కైలువాలో అతను కట్టించిన హులిహే భవనం ఇప్పటికీ ఉంది.

ఓవాహు గవర్నరు బోకి కథ వేరు. చందనం అప్పులు మెడకు చుట్టుకుంటే, 1829 డిసెంబరులో రెండు ఓడలతో న్యూ హెబ్రిడీస్ దీవులకు చందనం వేటకు పోయాడు, మళ్లీ రాలేదు. గద్దె మీద భార్య లిలిహను ఉంచి వెళ్లాడు. 1831లో ఆమె కాహుమాను మీద తిరగబడేందుకు జనాన్ని పోగేసింది. పెద్దావిడ సైన్యాన్ని పంపలేదు. లిలిహ పెంపుడు తండ్రి, మావి గవర్నరు హోవాపిలిని పంపింది. నాన్న నచ్చజెప్పాడు, కూతురు దిగిపోయింది.

1840 రాజ్యాంగం గవర్నర్లు నలుగురని తేల్చింది: హవాయికి ఒకరు; మావికీ దాని చుట్టుపక్కల దీవులకూ ఒకరు; ఓవాహుకు ఒకరు; కవాయి, నీహావులకు ఒకరు. కోటలు, సైనికులు, ఆయుధాలు వాళ్ల అధీనం. పన్నులు వసూలు చేసి ప్రధానికి చేర్చాలి. రాజు, ప్రధాని ఒప్పుకుంటే దీవిలో న్యాయమూర్తులనూ నియమించొచ్చు. రాజో ప్రధానో దగ్గర లేనప్పుడు యుద్ధం వస్తే తుది మాట గవర్నరుదే. 1849లో ఫ్రెంచి నౌకాదళాధిపతి ట్రోమెలిన్ మనుషులు హొనొలులు కోటలో దిగి ఫిరంగులు పాడుచేసి, గవర్నరు ఇంటిని ధ్వంసం చేస్తే, ఓవాహు గవర్నరు కేకువానావోవా ఎదురు తుపాకీ పేల్చలేదు. అప్పటి బలాబలాల్లో అదే సరైన పని.

ఆడవాళ్లు ఈ పదవిలో కూర్చోవడం అక్కడ వింత కాదు. 1840లలో కవాయిని కేకావువోనోహి ఏలింది. 1855 నుంచి 1874 దాకా హవాయి దీవి రూత్ కేలికోలానిది. ఇంగ్లిషు అర్థమైనా మాట్లాడేది కాదు; తెల్లదొరలొచ్చినా దుబాసీ ఉండాల్సిందే. హులిహే భవనం తనదే అయినా, దాని ఆవరణలోని గడ్డి ఇంట్లో పడుకునేది. 1881లో, పదవిలో లేకపోయినా, మౌనా లోవా లావా హిలో ఊరి మీదికి వస్తుంటే వెళ్లి అగ్నిదేవత పెలేకు బ్రాందీ, పట్టు గుడ్డలు సమర్పించిందని చెప్పుకుంటారు. లావా ఊరి అంచున ఆగింది.

ఈలోగా రాట లోపల పుచ్చిపోతూ వచ్చింది. 1840ల నడుమ మంత్రిత్వ శాఖలు వచ్చి పనులు లాక్కున్నాయి. పదవి మాత్రం అత్తింటి కానుకగా మిగిలింది. లిలియువోకలాని భర్త జాన్ డొమినిస్ చాలా ఏళ్లు ఓవాహు గవర్నరు. కలాకావువా రాజు మరదళ్లు ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు హవాయి దీవికి గవర్నర్లు. రాజును తుపాకులతో బెదిరించి 1887లో రాజ్యాంగం మార్పించిన వర్గం, మరుసటి ఏడే చట్టం చేసి ఈ పదవిని రద్దు చేసింది. 1890లో మరో చట్టం తిరిగి నిలబెట్టింది. ఓవాహుకు చివరి గవర్నరు స్కాట్లండ్ మనిషి ఆర్చిబాల్డ్ క్లెగార్న్, రాజకుమారి లికెలికె భర్త. 1893 జనవరిలో రాణి లిలియువోకలానిని దింపేశారు. నెలన్నర తిరక్కుండానే ఈ పదవినీ తీసేశారు.

ఇప్పుడు హవాయి అమెరికా రాష్ట్రం. ఎన్నికైన గవర్నరును ఆ భాషలో కియా ఆయినా అనే అంటారు, కాకపోతే అన్ని దీవులకూ కలిపి ఒకరే. మేయర్లు ఏలే కౌంటీలు మళ్లీ నాలుగే: హవాయి ఒకటి; మావి, దాని పక్క దీవులు ఒకటి; హొనొలులు ఒకటి; కవాయి, నీహావు ఒకటి.