జపం చేసే మరబొమ్మ: 16వ శతాబ్దపు స్పెయిన్‌లో భక్తి, యంత్రం, ఒంటరితనం

ఉపోద్ఘాతం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన మ్యూజియంలో ఒక సన్యాసి బొమ్మ ఉంది. ఎత్తు సుమారు 15 అంగుళాలు. కొయ్యతోను, ఇనుముతోను చేసినది. తాళంచెవితో స్ప్రింగు బిగించి బల్లమీద వదిలితే అది నడుస్తుంది. కొన్ని అడుగులు వేసి పక్కకు తిరుగుతుంది. మళ్లీ కొన్ని అడుగులు వేస్తుంది. కుడిచేత్తో రొమ్ము కొట్టుకుంటుంది. ఎడమచేతిలోని సిలువను, జపమాలను పైకెత్తి దించుతుంది. తల ఊపుతుంది, కళ్లు తిప్పుతుంది, పెదవులు కదుపుతుంది. మధ్యమధ్య సిలువను పెదవుల దగ్గరకు తెచ్చుకొని ముద్దు పెట్టుకుంటుంది. మాట మాత్రం బయటికి రాదు. 1560 ప్రాంతంలో తయారైనట్లు భావిస్తున్న ఈ బొమ్మను ఆ మ్యూజియం 1977లో సేకరించింది. నాలుగు శతాబ్దాలు దాటినా అది ఇంకా పనిచేసే స్థితిలోనే ఉంది.

యంత్రాల చరిత్ర అనగానే మనకు గడియారం, అచ్చుయంత్రం, ఆవిరియంత్రం గుర్తుకు వస్తాయి. అవన్నీ మనిషి శ్రమను తగ్గించినవి, లేదా సరుకును ఉత్పత్తి చేసినవి. ఈ బొమ్మ ఏమీ ఉత్పత్తి చేయదు. ప్రార్థన చేస్తుంది, అంతే. అలాంటి యంత్రం ఎవరికి, ఎందుకు అవసరమైంది? యంత్రం చేసే ప్రార్థనను ఆనాటివారు ప్రార్థనగా అంగీకరించారా? ఈ పాఠంలో మనం ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

అల్కలా మెట్లమీద ప్రమాదం

స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ పెద్దకొడుకు డాన్ కార్లోస్ 1545లో పుట్టాడు. పుట్టిన నాలుగు రోజులకే తల్లి మరణించింది. తండ్రి రాజ్యకార్యాల మీద ఏళ్ల తరబడి పరదేశాల్లో ఉండేవాడు. పిల్లవాడు బలహీనుడు, కోపిష్ఠి. 1562 ఏప్రిల్‌లో, అతనికి 16 ఏళ్ల వయసులో, విశ్వవిద్యాలయ పట్టణమైన అల్కలా దె ఎనారెస్‌లో చీకటి మెట్లమీద నుంచి జారిపడ్డాడు. తల వెనుక గాయమైంది. మొదట చిన్న గాయమనుకున్నారు. కొన్ని రోజులకు జ్వరం పెరిగింది, ముఖం వాచింది, కళ్లు తెరవలేని స్థితి వచ్చింది. ఫిలిప్ హుటాహుటిన వచ్చాడు. శరీర నిర్మాణ శాస్త్రంలో ఐరోపా అంతటా పేరు పొందిన వెసాలియస్ కూడా ఆ వైద్యుల బృందంలో ఉన్నాడు. పెద్ద వైద్యులు చేతులెత్తేశాక లేపనాలతో వైద్యం చేసే ఒక మూరిస్కో (ముస్లిం సంతతికి చెందిన) వైద్యుణ్ణి కూడా పిలిపించారు. ఆనాటి స్పెయిన్‌లో మూరిస్కోలను ఎంత అనుమానంగా చూసేవారో తెలిస్తే రాజు ఎంత నిస్సహాయస్థితిలో ఉన్నాడో అర్థమవుతుంది.

ఇక ఆశ లేదనుకున్నప్పుడు ఫ్రాన్సిస్కన్ మఠం నుంచి ఒక భౌతికకాయాన్ని తెచ్చారు. అది 1463లో, అంటే దాదాపు వందేళ్ల క్రితం, అదే పట్టణంలో మరణించిన డియేగో అనే మఠ సోదరునిది. ఆ శరీరం కుళ్లిపోలేదని ప్రజల నమ్మకం. దాన్ని రాకుమారుని మంచం దగ్గరకు చేర్చారు. ఆ తరవాత కార్లోస్ కోలుకోవడం మొదలైంది. సన్యాసి దుస్తుల్లో, చేతిలో సిలువతో ఒక వ్యక్తి రాత్రి తనకు కనిపించాడని అతడు చెప్పాడట. ఇందులో వైద్యం పాత్ర ఎంత, అద్భుతం పాత్ర ఎంత అన్న చర్చ అప్పుడే మొదలైంది. రాజు మాత్రం ఏ సందేహమూ పెట్టుకోలేదు. డియేగోకు పునీత హోదా ఇవ్వాలని రోమ్‌ను పట్టుదలతో కోరాడు. చివరకు 1588లో పోపు ఐదో సిక్‌స్టస్ ఆ హోదా ప్రకటించాడు. (కాలిఫోర్నియాలో ఎందరో తెలుగువారు ఉంటున్న శాన్ డియేగో నగరం పేరు ఈ డియేగోదే.)

స్మిత్సోనియన్ బొమ్మ ఈ డియేగో రూపమేనని, కొడుకు బతికినందుకు కృతజ్ఞతగా ఫిలిప్ దాన్ని చేయించాడని ఒక కథనం ఉంది. వినడానికి చక్కగా అతికినట్లుంటుంది. అయితే బొమ్మమీద తయారీదారు పేరు లేదు. ఫిలిప్ ఆజ్ఞ ఇచ్చినట్లు పత్రమూ లేదు. పైగా ఇలాంటి సన్యాసి బొమ్మలే మ్యూనిక్‌లో ఒకటి, బుడాపెస్ట్‌లో ఒకటి ఉన్నాయి. కాబట్టి మనం దీన్ని రుజువైన విషయంగా కాక, కాలానికీ స్థలానికీ పొసిగే ఊహగా తీసుకోవాలి. ఒక వస్తువు గురించి మంచి కథ దొరికినప్పుడే చరిత్ర విద్యార్థి ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మొక్కుబడిగా యంత్రం

ఊహే అయినా, అది ఆ సమాజంలో సాధ్యమేనా అని అడగవచ్చు. సాధ్యమే. బిడ్డ జబ్బు నయమైతే తలనీలాలు ఇస్తామని మొక్కుకోవడం, కంటిజబ్బు తగ్గితే వెండి కళ్లు సమర్పించడం మనకు తెలిసిన ఆచారాలే. కతోలిక ఐరోపాలోనూ మైనంతో, వెండితో చేసిన కాళ్లు, చేతులు, చిన్న చిన్న ఓడలు చర్చిల్లో వేలాడేవి. ఆపద తీరినవారు తెచ్చి ఇచ్చినవి అవి.

మరో విషయం కూడా గమనించండి. ఆనాటి కతోలిక విశ్వాసంలో ఒకరి తరఫున మరొకరు ప్రార్థించవచ్చు. చనిపోయినవారి ఆత్మశాంతికి గురువులు పూజలు చేసేవారు. అందుకు ధనవంతులు భూములు రాసిచ్చేవారు. మనం గుడికి వెళ్లలేకపోయినా గోత్రనామాలు చెప్పించి అర్చన చేయించుకోవడం ఇటువంటిదే. పుణ్యం చేసే చేతులు ఒకరివి, ఫలితం మరొకరిది. ఈ ఆలోచనను ఇంకొక్క అడుగు ముందుకు తీసుకెళ్తే, నిద్ర, అలసట, పరధ్యానం లేకుండా ప్రార్థించే బొమ్మ అంత వింతగా అనిపించదు.

అయితే సరిగ్గా ఈ ఆలోచననే ప్రొటెస్టెంట్లు ఖండించారు. మనసు లేని పెదవుల కదలిక ప్రార్థన కాదన్నారు. 1545 నుంచి 1563 వరకు జరిగిన ట్రెంట్ మహాసభ చివరి సమావేశంలో పునీతుల ఆరాధనను, అవశేషాలను, ప్రతిమలను కతోలిక సంఘం గట్టిగా సమర్థించింది. డాన్ కార్లోస్ ప్రమాదం జరిగింది సరిగ్గా ఈ వాదోపవాదాల నడుమనే. కాబట్టి అల్కలాలో జరిగిన అద్భుతం ఒక తండ్రి ఊరటే కాదు, ఒక పక్షానికి సాక్ష్యం కూడా.

ఇంగ్లండ్‌లో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కెంట్ ప్రాంతంలోని బాక్స్‌లీ మఠంలో ఒక సిలువ ప్రతిమ ఉండేది. దాని కళ్లు, పెదవులు కదిలేవి. యాత్రికులు దూరదూరాల నుంచి వచ్చేవారు. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేస్తున్న కాలంలో, 1538లో, దాని వెనుక తీగలు, పాత కర్రముక్కలు బయటపడ్డాయి. దాన్ని మెయిడ్‌స్టన్ సంతలో జనానికి చూపించి, తరవాత లండన్‌కు తెచ్చి, మోసానికి ఉదాహరణగా ఉపన్యాసం చెప్పి, ముక్కలు చేసి తగలబెట్టారు. బాక్స్‌లీ భక్తులందరూ మోసపోయినవారేనా? ఆ ప్రతిమ కీళ్లతో కదులుతుందని చాలామందికి తెలిసే ఉండవచ్చని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. తోలుబొమ్మల వెనుక మనిషి ఉన్నాడని తెలిసినా రావణవధ దగ్గర మనం చేతులు జోడించడం లేదా? నాకు ఈ రెండో అభిప్రాయమే సమంజసంగా తోస్తుంది.

గడియారాల మధ్య చక్రవర్తి

సన్యాసి బొమ్మను తయారుచేశాడని చాలామంది భావించే వ్యక్తి హ్వానెలో తుర్రియానో. ఇటలీలోని క్రెమోనాలో 1500 ప్రాంతంలో పుట్టాడు. ఫిలిప్ తండ్రి, చక్రవర్తి ఐదో చార్లెస్ కోసం గ్రహాల గతులను చూపే అద్భుతమైన గడియారం చేశాడు. 1556 నాటికి సింహాసనాలన్నీ వదులుకున్న చార్లెస్ యూస్తె అనే మారుమూల మఠం పక్కన విశ్రాంతి గృహానికి చేరినప్పుడు వెంట తీసుకెళ్లిన కొద్దిమందిలో హ్వానెలో ఒకడు.

ఐరోపాలో సగాన్ని పాలించి, లూథర్ తెచ్చిన చీలికను ఆపలేక, కీళ్లవాతంతో కదలలేని ఆ మనిషి చివరి రోజులు గడియారాల మధ్య గడిచాయి. ఆయన్ను ఉల్లాసపరచడానికి హ్వానెలో బల్లమీద కవాతు చేసే చిన్న సైనికులను, ఎగిరే కొయ్య పిచ్చుకలను చేశాడని, వాటిని చూసి మఠాధిపతి మంత్రవిద్య అని అనుమానించాడని 17వ శతాబ్దపు రచయిత స్ట్రాడా రాశాడు. రెండు గడియారాలను ఒకేసారి మోగించలేని తాను మనుషులందరినీ ఒకే మతంలో నడపాలనుకున్నానే అని చార్లెస్ వాపోయినట్లు ఒక కథ కూడా ఉంది. అది కల్పితమనే చెప్పాలి. కానీ యంత్రాలను, మతాన్ని, ఒంటరితనాన్ని ప్రజలు ఆ మనిషిలో కలిపి చూశారనడానికి ఆ కల్పనే ఆధారం. చార్లెస్ 1558లో మరణించాడు.

హ్వానెలో జీవితం కూడా సుఖాంతం కాలేదు. టొలేడోలో తాగో నది నుంచి కొండమీది కోటకు దాదాపు 100 మీటర్ల ఎత్తుకు నీరు చేర్చే యంత్రాన్ని 1569లో పూర్తిచేశాడు. ఆ నీరు ఊరికి కాక కోటకే పోతోందంటూ నగరపాలకులు డబ్బు ఇవ్వలేదు. 1585లో పేదరికంలోనే కన్నుమూశాడు. ఆయన చేసిన కొయ్యమనిషి ఒకటి టొలేడో వీధుల్లో నడిచి ఆయనకు తిండి అడుక్కొచ్చేదని ఊళ్లో కథ పుట్టింది. ఆ నగరంలో 'కొయ్యమనిషి వీధి' నేటికీ ఉంది.

ఒంటరితనం ఎవరిది?

బతికి బయటపడిన డాన్ కార్లోస్ కథ మరోలా ముగిసింది. తండ్రీకొడుకుల మధ్య అనుమానం ముదిరింది. కొడుకు దేశం విడిచి పోవాలనుకుంటున్నాడని తెలిసి, 1568 జనవరిలో ఒక రాత్రి ఫిలిప్ స్వయంగా మంత్రులతో కలిసి అతని పడకగదికి వెళ్లి బంధింపజేశాడు. ఆ నిర్బంధంలోనే జూలైలో, 23 ఏళ్లు నిండిన కొద్దిరోజులకే, అతడు మరణించాడు. దీనిమీద తరవాతి శతాబ్దాల్లో షిల్లర్ నాటకం, వెర్డి ఒపేరా వచ్చాయి. వాటిలోని ప్రేమకథ చరిత్ర కాదు. బొమ్మ నిజంగా ఆ మొక్కుబడే అయితే, ఎవరి ప్రాణం కోసం అది రొమ్ము కొట్టుకుంటుందో అతడు అది తయారైన కొన్నేళ్లకే లేడు. మొక్కు చెల్లించిన ఫిలిప్ 1598లో పోయాడు.

ఈ రోజు ఆ బొమ్మను చూసినవారికి అయ్యో, ఒంటరిగా ఎవరికోసం ప్రార్థిస్తోంది అనిపించడం సహజం. కానీ ఈ జాలి మన కాలానిది. జంతువుల శరీరాలు యంత్రాల వంటివని, యంత్రం మనిషిలా సందర్భానికి తగినట్లు మాట్లాడలేదని డెకార్ట్ 1637లో రాశాడు. మనిషికీ యంత్రానికీ మధ్య గీత అప్పుడు గట్టిపడింది. 1818లో మేరీ షెల్లీ రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలలో మనిషి తయారుచేసిన ప్రాణి తనను చేసినవాడే తనను వదిలేశాడని విలపిస్తుంది, తోడు కావాలని వేడుకుంటుంది. చేసినవాడికీ చేయబడినదానికీ మధ్య ఉన్న ఆ బాధ దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న పాత ప్రశ్నకు కొత్త రూపం. యంత్రానికి మనసుంటే అది ఎంత ఒంటరిదో అని ఊహించడం ఇటువంటి రచనల వల్లే మనకు అలవాటైంది.

16వ శతాబ్దపు స్పెయిన్ వాసి అలా చూసి ఉండడు. అతని దృష్టిలో ప్రార్థించేవారు ఎన్నడూ ఒంటరి కారు. బతికినవారు, చనిపోయినవారు, పునీతులు అందరూ ఒకే సంఘం. బొమ్మ పెదవులు కదిలితే చూసేవాడి పెదవులూ కదిలేవి. ప్రార్థన పూర్తయ్యేది బొమ్మలో కాదు, దాని ముందు నిలబడినవారిలో. నాటి ప్రేక్షకులు పోయారు, ఆ నమ్మకం ఉన్న గది పోయింది, యంత్రం మిగిలింది. మనకు ఇప్పుడు కనిపిస్తున్న ఏకాంతం ఆ విధంగా ఏర్పడినది.

అభ్యాసం: మీ ఊరి గుడిలోగాని, చర్చిలోగాని, దర్గాలోగాని మొక్కుబడిగా ఇచ్చిన ఒక గంటనో, దీపస్తంభాన్నో, వెండి వస్తువునో ఎంచుకోండి. దానిమీద ఏమి చెక్కి ఉంది, పెద్దలు దాని గురించి ఏమి చెబుతున్నారు, ఈ రెండూ ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి అన్నది రెండు పుటలకు మించకుండా రాయండి.